న్యాయమూర్తి కార్డోజో

పితౄణము తీర్చుట పుత్రుని విధి యని మన పెద్దలు చెప్పుదురు. ధనఋణమైనచో రొక్కము చెల్లించి పత్రమును చింపివేయవచ్చును. తండ్రి తెచ్చుకొన్న అపకీర్తిని తీర్చుటకు మాత్రము పుత్రుని జీవితమంతయు కావలెను. అట్లు తీర్చిన ధన్యుడు అమెరికా దేశపు న్యాయమూర్తి బెంజమిన్ నేథన్ కార్డోజో.

ఆయన 1870 మే 24వ తేదీన న్యూయార్కు నగరమున ఒక ప్రాచీన యూదు వంశమునందు జన్మించెను. తండ్రి ఆల్బర్టు కార్డోజో న్యూయార్కు రాష్ట్ర సుప్రీముకోర్టు న్యాయమూర్తి. ఆ రాష్ట్రమున వ్యాజ్యములను మొదట విచారించు న్యాయస్థానమునకే సుప్రీముకోర్టని పేరు; తుది విచారణ జరుపునది అప్పీళ్ల కోర్టు. ఆ కాలమున ట్వీడు అనువాని ముఠా నగరపాలనమును చేజిక్కించుకొని ప్రజాధనమును దోచుచుండెను. ఆ ముఠాకు అనుకూలముగా వర్తించెనను ఆరోపణలు వచ్చి, శాసనసభలో అభిశంసనకు యత్నము జరుగగా, ఆల్బర్టు 1872లో పదవికి రాజీనామా చేసెను. అప్పటికి బెంజమిన్ రెండేండ్ల శిశువు.

తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లి, పదునైదేండ్ల ప్రాయమున తండ్రి గతించిరి. అక్కయగు నెల్లీ ఆయనను తల్లివలె సాకెను. పదునైదేండ్లకే కొలంబియా కళాశాలలో చేరి 1889లో పట్టభద్రుడై, 1891లో న్యాయవాదిగా తండ్రి వృత్తినే చేపట్టెను. వాగాడంబరము లేక, గ్రంథములను శోధించి చిక్కులు విప్పు నేర్పుచే, తోటి న్యాయవాదులే తమ అప్పీళ్లను ఆయనకు అప్పగించుచుండిరి.

1913లో జరిగిన ఎన్నికలో, తండ్రి తలవంచుకొని వెడలిన ఆ సుప్రీముకోర్టునకే కుమారుడు న్యాయమూర్తిగా ఎన్నుకోబడెను. 1914 ఆరంభమున ఆసనమెక్కిన కొలది వారములకే అప్పీళ్ల కోర్టునకు పిలువబడెను. 1926లో దానికి ప్రధాన న్యాయమూర్తిగా ఎన్నికయ్యెను.

ఆయన తీర్పులలో 1916 నాటి మోటారుబండి వ్యాజ్యము ప్రసిద్ధము. మెక్‌ఫర్సన్ అనునాతడు వర్తకునివద్ద కొన్న బ్యూక్ బండి కొయ్యచక్రపు ఆకులు విరుగుటచే గాయపడెను. బండిని తాము అమ్మినది వర్తకునికే గనుక, అతనితో తమకు ఒడంబడిక లేదని తయారుచేసిన వారు వాదించిరి. లోపమున్నచో ప్రాణాపాయము కలిగించు వస్తువును చేయువాడు, దానిని వాడువారి క్షేమమునకు తగు జాగ్రత్త వహింపవలెనని కార్డోజో నిర్ణయించెను. 1932లో ఇంగ్లండునందు ప్రభువుల సభ వెలువరించిన ప్రసిద్ధమగు తీర్పునకును ఇది ఆధారములలో ఒకటి. ఆ తీర్పుద్వారా ఈ ధర్మము మన దేశపు న్యాయస్థానములకును చేరెను.

ఆయన వివాహమాడలేదు. వ్యాధిగ్రస్తయైన అక్కను 1929లో ఆమె మరణించువరకు సేవించెను. 1932లో అధ్యక్షుడు హూవరు, తాను వేరొక పక్షమువాడయ్యును, ఆయనను దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు నియమింపగా, సెనేటు ఏకగ్రీవముగా ఆమోదించెను. 1937లో వృద్ధులకు పింఛను నొసగు చట్టము రాజ్యాంగసమ్మతమని తీర్పు వ్రాసినది ఆయనయే. 1938 జూలై 9వ తేదీన పరమపదించెను.

ఒకనాడు న్యూయార్కు న్యాయస్థానములలో తలవంపులు తెచ్చిన కార్డోజో అను పేరు, 1976లో అదే నగరమున స్థాపింపబడిన ఒక న్యాయకళాశాలకు బెంజమిన్ గౌరవార్థము పెట్టబడెను. పితౄణము ఆవిధముగా తీరినది.