తోడు తెచ్చి, తోడు పంచిన జాకబ్‌సన్

పాలు పెరుగు కావడానికి తోడు ఎంత అవసరమో, బార్లీ రసం బీరుగా పులియడానికి ఈస్టు అంత అవసరం. మంచి ఈస్టు కోసం దేశాలు దాటి, దొరికిన దానిని లోకానికి తిరిగి పంచిన వ్యక్తి డెన్మార్కుకు చెందిన జాకబ్ క్రిస్టియన్ జాకబ్‌సన్.

ఆయన 1811 సెప్టెంబరు 2న కోపెన్‌హాగెన్‌లో జన్మించారు. తండ్రి క్రిస్టెన్ జట్లండ్ ప్రాంతం నుండి రాజధానికి వచ్చి బీరు తయారీలో స్థిరపడినవాడు. 1835లో తండ్రి మరణించగా ఆ చిన్న కర్మాగారపు భారం కుమారునిపై పడింది. ఆనాటి డేనిష్ బీరు త్వరగా చెడిపోయేది. బవేరియా బీరు అట్లు కాదు. చల్లని నేలమాళిగలలో నిదానంగా పులిసి, నెలల తరబడి నిలువ ఉండి తేటపడేది.

అట్టి బీరును తానూ తయారు చేయాలని జాకబ్‌సన్ సంకల్పించారు. తొలి ప్రయోగాలకు సాధనం తల్లి బట్టలు ఉడకబెట్టే రాగి కాగు. అయితే వెచ్చదనంలో పనిచేసి పైకి తేలే స్థానిక ఈస్టుతో ఆ రుచి రాదు. చలిలో పనిచేసి అడుగుకు చేరే బవేరియా ఈస్టు కావాలి. 1845లో ఆయన మ్యూనిక్ నగరంలోని స్పాటెన్ బీరు కర్మాగారానికి వెళ్లి, గాబ్రియేల్ సెడెల్‌మాయర్ వద్ద నుండి రెండు డబ్బాల ఈస్టు తెచ్చుకున్నారు. వేడి సోకితే ఈస్టు చెడిపోతుంది. అందుచేత గుర్రపు బండి ఆగిన ప్రతి మజిలీలోనూ దిగి, డబ్బాలపై చన్నీళ్లు పోశారు. కోపెన్‌హాగెన్ చేరేసరికి ఈస్టు సజీవంగానే ఉంది.

1847లో నగరం వెలుపల, వాల్బీ కొండపై కొత్త కర్మాగారం వెలసింది. ఐదేళ్ల కుమారుడు కార్ల్ పేరుకు, కొండ అని అర్థమిచ్చే మాటను చేర్చి దానికి కార్ల్స్‌బర్గ్ అని నామకరణం చేశారు. ఆ సంవత్సరం నవంబరు 10న తొలి కాపు దిగింది.

అనుకరణతో ఆయన తృప్తి చెందలేదు. కారణం తెలియని విజయం నిలువదని నమ్మారు. 1875లో ప్రయోగశాలను, మరుసటి ఏడు దానిని పోషించే కార్ల్స్‌బర్గ్ నిధిని స్థాపించారు. అక్కడి ఫలితాలలో ముఖ్యమైనది ఏదీ రహస్యంగా ఉంచరాదని నియమం విధించారు. 1883లో ఆ నియమానికి పరీక్ష వచ్చింది. కార్ల్స్‌బర్గ్ బీరే చెడిపోసాగింది. మంచి ఈస్టులో అడవి ఈస్టు కలిసిందని ప్రయోగశాల శాస్త్రవేత్త ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ కనుగొని, ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచారు. దానిని దాచుకొని ఉంటే లాభం అపారం. జాకబ్‌సన్ మాత్రం పోటీదారులకు సైతం ఉచితంగా పంచిపెట్టారు.

ఇంట మాత్రం ఆయనకు శాంతి కరువైంది. బీరును ఎక్కువ కాలం నిలువ ఉంచాలని తండ్రి, త్వరగా విక్రయించాలని కొడుకు పట్టుబట్టారు. 1882లో కార్ల్ వేరుపడి సొంత కర్మాగారం పెట్టుకున్నాడు. తండ్రి తన కర్మాగారాన్ని కొడుకుకు కాక, విజ్ఞానశాస్త్ర పోషణ కోసం నిధికే రాసిచ్చారు. చివరి దశలో ఇరువురికీ సయోధ్య కుదిరింది. జాకబ్‌సన్ 1887 ఏప్రిల్ 30న రోమ్ నగరంలో కన్నుమూశారు.

నేడు రైతు తన నేల ఆమ్లమో క్షారమో పరీక్షించుకొనే పీహెచ్ కొలమానాన్ని 1909లో సోరెన్‌సెన్ రూపొందించింది ఆ ప్రయోగశాలలోనే. రెండు డబ్బాల తోడు అంత దూరం పాకింది.