నెల్సన్ ఆనండేల్ గారు

ఏటి మొగలయందు పీతలను, నత్తలను చూడనివా రరుదు. వానిని పోల్చి జాతి నిర్ణయించుట యెంత కష్టమో యెరిగినవారు కొందరే. వారిలో నెల్సన్ ఆనండేల్ గారిని మేమిచట స్మరించుచున్నాము.

వీరు 1876లో ఎడింబరోలో జన్మించి, 1904లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకు వచ్చిరి. 1914 మొదలు స్టాన్లీ కెంపు గారితోగూడి ఓఢ్రతీరమందలి చిల్కా సరస్సును శోధించిరి. సముద్రముతో గలిసియున్న యా సరస్సు వానకాలమున మహానది పాయల వరదచే దాదాపు మంచినీరగును, వేసవిలో ఉప్పనగును. కాన ఏ స్పంజి, ఏ నత్త దొరకినను ఆకారము నొక్కటినే చూచి తృప్తిపడక, దొరకిన చోటును, కాలమును, నీటి యుప్పదనమునుగూడ గుర్తించిరి. సీసాలోని కళేబరము ఇవి చెప్పగలదా? రొయ్యలు, పీతలు కెంపు గారి పాలు.

1916లో ఏర్పడిన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు ఆనండేల్ గారే ప్రథమాధ్యక్షులు. చిల్కా జీవులనుగూర్చిన గ్రంథభాగములు 1915 నుండి వెలువడుచు 1924లో ముగిసెను. ఆ యేటనే, 47 ఏండ్ల ప్రాయమున, వారు కలకత్తాలో పరమపదించిరి.