కొలతకు నియమము గూర్చిన ఫానీ ఫార్మరు

కొత్తిమీర యెంత వేయవలయునని వంట నేర్చుకొను బాలిక యడిగినచో, చారెడని యొకరును, గుప్పెడని మఱియొకరును జెప్పుదురు. ఆ గుప్పెడు ఎవరి చేతిదో చెప్పువారు లేరు. అనుభవము గలవారికి దీనివలన లోటు లేదు. క్రొత్తగా నేర్చువారికే చిక్కు. ఈ చిక్కును దీర్ప బూనిన యొక స్త్రీ చరిత్రమును మా చదువరులకు దెలుప గోరుచున్నాము.

ఫానీ మెరిట్ ఫార్మరు అమెరికాలోని బోస్టను నగరమున 1857 మార్చి 23వ తేదీని జన్మించెను. తండ్రి అచ్చుపనివాడు. పదునాఱవ యేట నామెకు బక్షవాతము సోకెను. కొన్ని సంవత్సరములు నడువలేకపోయెను; చదువు నిలిచిపోయెను. కొంత కోలుకొన్న పిదప నొక యింట బనికి గుదిరి, వంటయందు నేర్పు గడించెను. ముప్పదియేండ్ల ప్రాయమున బోస్టను వంట పాఠశాలలో జేరి, 1889లో నుత్తీర్ణురాలై, యచ్చటనే యుపాధ్యాయినిగా నిలిచి, తుదకు దానికి బ్రధానాధ్యక్షురాలయ్యెను. కుంటు మాత్ర మామెను విడువలేదు.

1896లో నామె వంటపుస్తకము వెలువడెను. అది యమ్ముడుపోవునో లేదో యని శంకించి ప్రకాశకులు 3,000 ప్రతులనే, అదియు నామె ఖర్చుమీదనే, అచ్చొత్తించిరి. పిమ్మట నది లక్షలకొలది యమ్ముడయ్యెను. కొలపాత్రలు ఆమెకు ముందును గలవు. కాని కుప్పచెంచా, గ్రుడ్డంత వెన్న యను మాటలే నాటి పుస్తకములలో మెండు. ఆమె యట్లు గాక, అర పైంటు పట్టు కప్పును గైకొని, దానిని గుదుపక నింపి, కత్తితో నంచునకు సమముగా గీయవలయునని విధించెను. చెంచాకును అదే నియమము. జల్లించిన పిండి 4 కప్పులును, అదిమిన వెన్న 2 కప్పులును ఒక్కొక్క పౌండు తూగునని పట్టిక వ్రాసెను.

పచ్చి యాకులయం దీ జాగ్రత్త మఱింత యవసరము. ఏలయన ఆకుల నడుమ గాలి నిలుచును. అమెరికా వ్యవసాయశాఖవారి పట్టికల ప్రకారము, తులసిజాతిదగు బేసిలు ఆకులు తరుగక పోసినచో గప్పునకు 24 గ్రాములు, తరిగి పోసినచో 42 గ్రాములు తూగును. తరిగిన పార్స్‌లీ యాకు 60 గ్రాములు తూగును. కావున గ్రాములను గప్పులుగా మార్చుటకు నొకే యంకె యన్ని యాకులకు జెల్లదు. ఏ యాకు, తరిగినదా తరుగనిదా, అదిమినదా వదులుగా బోసినదా యని మొదట దెలియవలయును. కప్పునకు 16 పెద్ద చెంచాలు గనుక, 30 గ్రాముల తరిగిన పార్స్‌లీ యనగా నరకప్పు, లేక 8 పెద్ద చెంచాలు. ఫార్మరు వంటకములలో బార్స్‌లీని సన్నగా దరిగినదని చెప్పి చెంచాలతో గొలుచుట గమనింపదగినది.

1902లో నామె సొంత పాఠశాల స్థాపించెను. 1904లో రోగుల యాహారమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. నర్సులకు బాఠములు చెప్పెను. హార్వర్డు వైద్యవిద్యాలయమున నుపన్యసించెను. కడపటి యేండ్లలో మరల నడువలేక చక్రముల కుర్చీయందు గూర్చుండియే బోధించెను. 1915 జనవరి నెలలో మరణించెను. దానికి బది దినముల ముందు వఱకును ఉపన్యసించుచునే యుండెను.

మా విద్యార్థులు తమ తల్లిగారు చారులో వేయు గుప్పెడు కొత్తిమీరను ఒక్కసారి యడిగి పుచ్చుకొని, తూచి, తరిగి, చెంచాతో గొలిచి, యా లెక్కను వ్రాసి యుంచుకొందురుగాక. ఆ చేతి రుచి ముందు తరమువారికిని అందుటకు నదియే మార్గము.