నేలగోడు చిత్రించిన పేర్ లోరెంట్జ్

ప్రభుత్వము తన సొమ్ముతో తీయించు చలనచిత్రమున ప్రభుత్వస్తోత్రము తప్ప వేఱొకటి యుండదని లోకమున నొక నమ్మకము కలదు. మన దేశమున నా నమ్మకమునకు కారణములు లేకపోలేదు. 1943లో బ్రిటిషు ప్రభుత్వము యుద్ధప్రచారమునకై ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా యను సంస్థను నెలకొల్పి, దాని చిత్రములను సినిమాహాళ్లలో విధిగా చూపించినది. స్వతంత్ర ప్రభుత్వము 1948లో ఫిల్మ్స్ డివిజనును స్థాపించి యా నిర్బంధమును కొనసాగించినది. ఆ చిత్రములు నడచునంతసేపు ప్రేక్షకులు హాలు వెలుపల సోడాలు త్రాగుచు నిలుచుట పెద్దలెల్లరకు జ్ఞాపకముండు విషయమే. కాని 1936లో అమెరికాలో సర్కారు ఖర్చుతో నొక చిత్రము వెలువడినది. అది పాలకులను పొగడుటకు బదులు, ఈ నేలను పాడుచేసినవారము మనమే యని జాతి నంతటిని నిలదీసినది. దానిని తీసినవాడు, అంతకుముందు ఒక్క అడుగు ఫిల్మైనను తీసి యెఱుగని పత్రికారచయిత పేర్ లోరెంట్జ్.

ఆయన 1905 డిసెంబరు 11వ తేదీన పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున క్లార్క్స్‌బర్గునందు జన్మించెను. తండ్రి ముద్రాపకుడు, తల్లి గాయని. పుట్టుకతో వచ్చిన లియొనార్డ్ అను పేరును విడిచి తండ్రి పేరైన పేర్ అను నామమునే స్వీకరించెను. విద్యాభ్యాసము స్వరాష్ట్రముననే ముగించి, ఇరువదియేండ్లు నిండీనిండకమునుపే న్యూయార్కు చేరి, జడ్జ్ అను పత్రికలో సినిమా విమర్శలు వ్రాయ నారంభించెను. 1930లో న్యాయవాది మోరిస్ ఎర్న్‌స్టుతో కలిసి సినిమాలపై సెన్సారు దౌర్జన్యమును ఖండించుచు గ్రంథమును ప్రకటించెను. హెర్‌స్టు పత్రికాసంస్థకు వ్రాయుచు, రూజ్వెల్టు మంత్రివర్గమున వ్యవసాయశాఖను నిర్వహించుచుండిన వాలెసును మెచ్చుకొన్నందులకు ఉద్యోగమును పోగొట్టుకొనెను. యజమానికి గిట్టని మాట వ్రాసి వీధిన బడిన పత్రికారచయితలు మన యాంధ్రదేశమునను పలువురు కలరు గనుక, ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము పెంచ నక్కఱలేదు.

ఆ దినములలో అమెరికా మధ్యమైదానములు దుమ్మై లేచిపోవుచుండెను. వేలయేండ్లుగా గడ్డివేళ్లు పట్టి నిలిపిన నేల యది. పశువుల మందలను మితిమీఱి మేపిరి. పిమ్మట మొదటి మహాయుద్ధకాలమున గోధుమ ధర పెఱుగగా, వాన నమ్మకములేని భూమిని సైతము ట్రాక్టర్లతో దున్నివేసిరి. ధర పడిపోయినది, వాన ముఖము చాటుచేసినది, వేరు లేని మన్ను గాలికి లేచినది. 1934 మే మాసమున ఆ ధూళి వాషింగ్టను, న్యూయార్కు నగరములపై సైతము క్రమ్మినది. 1935 ఏప్రిల్ 14వ తేదీన పట్టపగలే చీకటి కమ్మిన యా ఆదివారమును అక్కడివారు నల్ల ఆదివారమని నేటికిని చెప్పుకొందురు. వేలకొలది కుటుంబములు తట్టాబుట్టా సర్దుకొని కాలిఫోర్నియా దారి పట్టినవి.

నిరాశ్రయులగు రైతులను పునఃస్థాపించుటకై ఏర్పడిన శాఖకు రెక్స్‌ఫర్డ్ టగ్‌వెల్ అధిపతి. ఆయన 1935లో లోరెంట్జును పిలిచి, ఈ కథను చిత్రముగా తీయుమని 6,000 డాలర్లు కేటాయించెను. హాలీవుడ్డు మాటలో నది కాఫీఖర్చునకు చాలదు. తుదకు వ్యయము సుమారు 20,000 డాలర్లకు చేరినది. అందు కొంత లోరెంట్జ్ స్వంత జేబునుండియే పెట్టుకొనవలసివచ్చెను. కెమేరా పట్టినవారు రాల్ఫ్ స్టెయినర్, పాల్ స్ట్రాండ్, లియో హర్విట్జ్ అను ప్రతిభావంతులు. వారికిని దర్శకునకును నడుమ తగవు పుట్టినది. దోషము లాభాపేక్షతో నడచు సంఘవ్యవస్థదని వారి వాదము. ఈ కథకు నాయకుడు గడ్డి, ప్రతినాయకుడు తొందరపాటు అని లోరెంట్జ్ పట్టుదల. చిత్రమున యుద్ధపు టాంకుల వెంట ట్రాక్టర్లు బారులు తీఱి నడచు దృశ్యమును చూచినచో, కెమేరావారి వాదము కొంత దర్శకుని యందును ప్రవేశించినదనియే తోచును. వర్జిల్ థామ్సన్ సంగీతము కూర్చెను. చిత్రమునకు పెట్టిన పేరు, మైదానములను భగ్నము చేసిన నాగలి యని యర్థమిచ్చును. ఒక లోపము మాత్రము చెప్పక తీఱదు. ఆ మైదానములందు తరతరములు బ్రతికిన ఆదిమజాతుల తొలగింపును లోరెంట్జ్ పీఠికలో నొక్క ముక్కతో దాటవేసినాడు. నేలకు జరిగిన యన్యాయమును అంత సూటిగా చూచిన కన్ను, నేలను పోగొట్టుకొన్న మొదటివారిని చూడకపోవుట శోచనీయము.

చిత్రము సిద్ధమైనను చూపువారు లేరు. ప్రభుత్వము తమకు పోటీకి వచ్చినదని హాలీవుడ్డు వ్యాపారులు పంపిణీకి నిరాకరించిరి. పాతచిత్రముల తునకలు కొన్ని కావలసి యడిగినప్పుడును వారు తలుపులు మూయగా, దర్శకుడు కింగ్ విడార్ పూనుకొని యిప్పించినాడు. 1936 మే 10వ తేదీన వాషింగ్టనులో బహిరంగప్రదర్శన జరిగినది. అనంతరము లోరెంట్జ్ పెట్టెను స్వయముగా మోసికొని ఊరూర తిరిగి, పత్రికలవారికి చూపించి, ఒక్కొక్క హాలు యజమానిని ఒప్పించెను. తుదకు సుమారు 3,000 హాళ్లలో నది నడచినది. మైదానరాష్ట్రముల నాయకులు కొందఱు మా సీమకు అపకీర్తి తెచ్చినాడని కోపించిరి. 1939లో ప్రభుత్వము దానిని ప్రచారమునుండి ఉపసంహరించుకొన్నది. ఉన్న దుఃస్థితిని చూపినవాడే దుఃస్థితికి కారకుడని తిట్టుట ఏ దేశమునను క్రొత్త కాదు.

విసిగిన లోరెంట్జ్ రాజీనామా నిచ్చి వెళ్లిపోవుచు, టగ్‌వెల్ గదిలో గోడనున్న మిసిసిపీ నదీపటమును చూపి, లోకములోని గొప్ప కథను మీరు విడిచిపెట్టుచున్నారని చెప్పినాడట. ఆ మాటయే రెండవ చిత్రమునకు బీజము. ఈ తూరి 50,000 డాలర్లు లభించినవి. ఉత్తరమున అడవులు నఱకుట, దక్షిణమున ప్రత్తి పండించి పండించి నేలను పిండివేయుట, వాలుల మన్ను కొట్టుకొనిపోవుట, ఏరులు పొంగుట, ఇవి వేఱువేఱు విపత్తులు కావు, ఒక్క గొలుసులోని కడియములని చూపుట దాని యుద్దేశము. చిత్రీకరణము ఇంచుమించు పూర్తియైన తరుణమున, 1937 జనవరిలో ఒహైయో, మిసిసిపీ నదులు పొంగి లక్షలాది జనులను నిరాశ్రయులను చేసినవి. లోరెంట్జ్ తన మనుషులను మరల కెమేరాలతో వరదలోనికి పంపెను. నీటిలో మునిగిన పట్టణములు, గట్లపై ఇసుకబస్తాలు మోయు జనులు, మిద్దెల పైకెక్కి యెదురు చూచు కుటుంబములు, ఇవి యన్నియు నాటకము కాక నిజముగా తెరకెక్కినవి. అతడు వ్రాసిన వ్యాఖ్యానమున నదుల పేర్లు, పట్టణముల పేర్లు, నఱికిన చెట్ల పేర్లు వరుసగా వచ్చుచు, ఆవృత్తమగుచు, వినువారిని కదలించును. స్నానసంకల్పమున నదీనామములు వల్లించుట యలవాటైన మనకు ఆ పద్ధతిలోని బలము వేఱుగా చెప్పనక్కఱలేదు. మన వల్లింపు పుణ్యమునకై. అతని వల్లింపు పోయినదానికి తద్దినము. ఆ వచనము పులిట్జర్ బహుమానమునకు కవిత్వశాఖలో పరిశీలింపబడినది. 1937 అక్టోబరులో న్యూ ఆర్లియన్సునందు చిత్రము విడుదలయ్యెను. 1938లో వెనిస్ ఉత్సవమున ఉత్తమ డాక్యుమెంటరీగా బహుమాన మందెను. మునుపు తలుపు మూసిన వ్యాపారులలో పారమౌంటు కంపెనీయే ముందుకు వచ్చి పంపిణీ చేసినది.

ఇంతటి చిత్రము తుదిభాగమున సందేహమునకు తావిచ్చును. వరదకు మందుగా 1933లో ఏర్పడిన టెనెస్సీ లోయ సంస్థను, దాని ఆనకట్టలను లోరెంట్జ్ చూపించినాడు. 1936లో పూర్తియైన నోరిస్ ఆనకట్ట క్రింద సుమారు 3,000 కుటుంబములు ఇండ్లు విడువవలసివచ్చినవి. తెరపై కాంక్రీటు గోడ గంభీరముగా కనబడును గాని, మునిగిన గ్రామములవారి ముఖములు కనబడవు. ఇచ్చట సర్కారు సొమ్ము తన పని తాను చేసికొన్నది. మనకును దీనితో సంబంధము కలదు. 1948లో ఏర్పడిన మన దామోదర్ లోయ సంస్థకు టెనెస్సీయే నమూనా. దానితో పాటు నిర్వాసితుల సమస్యయు మనకు సంక్రమించినది. అయినను ఒక న్యాయము లోరెంట్జునకు చెందవలెను. ఆనకట్ట యొక్కటి చాలదనియు, ఎగువన అడవి, వాలున గట్టు, పొలమున రైతునకు హక్కు లేనిదే నది చల్లబడదనియు గ్రహింపగల సామగ్రి అంతయు ఆ చిత్రముననే యున్నది.

1938లో రూజ్వెల్టు అతని యాధ్వర్యమున యునైటెడ్ స్టేట్స్ ఫిల్మ్ సర్వీసును నెలకొల్పెను. షికాగో పేదవాడలలో తల్లులు ప్రసవమున చనిపోవుటను గూర్చి 1940లో లోరెంట్జ్ స్వయముగా నొక చిత్రమును తీసెను. పల్లెలకు విద్యుత్తు తెచ్చుటను గూర్చి జోరిస్ ఐవెన్స్ అను డచ్చి దర్శకునిచే తీయించెను. నిరుద్యోగులపై తలపెట్టిన మఱియొకటి పూర్తి కాలేదు. కాంగ్రెసు సభలో రూజ్వెల్టు ప్రతిపక్షులు, ఇది అధ్యక్షుని ప్రచారయంత్రమని ఆక్షేపించి 1940లో సొమ్ము బంద్ చేసిరి. ఆక్షేపణలో నిజము బొత్తిగా లేదనలేము. కాని ప్రసూతి మరణములను చూపుట ఏ కక్షకు ప్రచారమో వారు వివరింపలేదు.

యుద్ధకాలమున వైమానికులకు దారులు తెలుపు చిత్రములను వందలకొలది తీసి, అనంతరము యుద్ధశాఖ పక్షమున నురెంబర్గు విచారణపై చిత్రమునకు పూనుకొనెను. 1947లో పదవి విడిచెను. స్టువర్ట్ షుల్‌బర్గ్ పూర్తిచేసిన యా చిత్రము 1948లో జర్మనీలో ప్రదర్శింపబడినది. స్వదేశముననో ప్రభుత్వమే తొక్కిపెట్టినది. జర్మనీ అప్పటికి శత్రువు కాక మిత్రము కానున్నది గదా! లోరెంట్జ్ దానిని తాను కొని విడుదల చేయ ప్రయత్నించెను గాని యమ్మువారు లేరు. అణ్వస్త్రముల విషయమై తీయదలచిన చిత్రమును సాగలేదు. మూడు చిత్రములతో పేరు గడించిన యతడు, ఆ మీదట నలువదియేండ్లకు పైగా జీవించియు నట్టి చిత్రమును మఱి తీయలేదు. 1992 మార్చి 4వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున ఆర్మాంకునందు తన 86వ యేట మరణించెను. నురెంబర్గు చిత్రమును బాగుచేసి, న్యూయార్కు ప్రేక్షకులకు చూపునాటికి 2010వ సంవత్సరము వచ్చినది.