కార్ల్ ష్వార్జ్‌షిల్డు

కృష్ణబిలముల కొలతకు ఆద్యుడైన కార్ల్ ష్వార్జ్‌షిల్డు 1873లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టున యూదు కుటుంబమున జన్మించెను. పదునారేండ్ల ప్రాయముననే జంటనక్షత్రముల కక్ష్యలనుగూర్చి వ్యాసములు ప్రకటించెను. 1901లో గొట్టింగెన్, 1909లో పోట్స్‌డాం వేధశాలలకు అధ్యక్షుడయ్యెను. 1914లో యుద్ధము రాగా, నలుబదేండ్లు దాటియు స్వచ్ఛందముగా సైన్యమున జేరెను.

1915 చివర ఆయన యుద్ధరంగమునుండియే ఐన్‌స్టయిను నూతన సమీకరణములకు మొదటి కచ్చితమైన సాధనను కనుగొని పంపెను. అందలి యొక పొడవు కృష్ణబిలపు హద్దని దశాబ్దముల పిమ్మటగాని లోకమునకు బోధపడలేదు. నియమము సరళము: ద్రవ్యరాశి ఎన్ని రెట్లయిన, వ్యాసార్ధమును అన్ని రెట్లే. సూర్యుడంత ద్రవ్యమునకు సుమారు 3 కిలోమీటర్లు. భూమియంతకు 9 మిల్లీమీటర్లు. 2019లో చిత్రము వెలువడిన ఎం87 బిలము సుమారు 650 కోట్ల సూర్యులకు సమానము. భ్రమణమును విడిచి లెక్కించినచో వ్యాసార్ధము 1,900 కోట్ల కిలోమీటర్లు. వ్యాసార్ధము రెట్టింపైన ఘనపరిమాణము ఎనిమిది రెట్లగును. కావున బిలము పెరిగినకొలది సగటు సాంద్రత తగ్గును. ఎం87 బిలపు సగటు మన గాలికన్నను పలుచన!

యుద్ధరంగమున చర్మవ్యాధి పాలై యిల్లు చేరిన ష్వార్జ్‌షిల్డు 1916 మే నెలలో, 42 ఏండ్లకే గతించెను. ఆయన కుమారుడు, ఖగోళజ్ఞుడైన మార్టిన్, హిట్లరు పాలనలో 1936లో ఆ జర్మనీనే విడువవలసివచ్చెను. తనకై ప్రాణమొడ్డినవాని బిడ్డకు పుట్టుకను బట్టి నిలువనీడ లేకుండ జేయునది దేశభక్తి కానేరదు. స్వరాజ్యమును కోరిన మనము ఈ పాఠమును మరువరాదని మా మనవి.