నోరులేనివారి న్యాయవాది – దుర్గాబాయి దేశ్‌ముఖ్

భార్యాభర్తల తగవులను, బిడ్డల సంరక్షణను ఆస్తి వ్యాజ్యాల వలె విచారింపరాదని, వాటికి ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని మన దేశంలో మొదటగా గుర్తించినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యులు. ఆ ఆలోచన వెనుక ఆమె స్వయంగా అనుభవించిన జీవితం ఉంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదవ ఏటనే ఆమెకు వివాహం జరిగింది. ఆ పసిపిల్ల ఇష్టాయిష్టాలను అడిగినవారు లేరు. యుక్తవయస్సు రాగానే ఆ కాపురం తనకు సమ్మతం కాదని ఆమె నిర్భయంగా తెలిపారు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. భర్త మరొక వివాహం చేసుకున్నాడు. 1941లో అతడు మరణించగా, దిక్కులేనిదైన అతని రెండవ భార్యను దుర్గాబాయి చేరదీసి, జీవనోపాధికి తగిన శిక్షణ ఇప్పించారు. ద్వేషానికి తావీయని ఔదార్యం ఆమెది.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో దుర్గాబాయి కారాగారవాసం అనుభవించారు. చదువురాని ఖైదీ స్త్రీలెందరినో అక్కడ ఆమె చూశారు. తమపై మోపిన నేరమేమిటో, తమ పక్షాన ఏమి చెప్పుకోవాలో వారికి తెలియదు. న్యాయస్థానంలో నోరు విప్పలేకనే వారు శిక్షలకు గురయ్యారు. ఆ దృశ్యం ఆమె హృదయాన్ని కలచివేసింది. విడుదలైన పిదప ఆమె పట్టుదలతో విద్యనభ్యసించి, 1942లో న్యాయశాస్త్ర పట్టా పొంది, మద్రాసులో న్యాయవాదిగా పేరుగాంచారు. అంతకు మునుపే, 1937లో ఆంధ్ర మహిళాసభను స్థాపించారు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో ఆమె సేవలందించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ సంవత్సరమే చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించినదీ ఆ ఏడాదే. ఆ కాలంలోనే చైనాలో పర్యటించి, అక్కడి కుటుంబ న్యాయస్థానాల తీరును ఆమె పరిశీలించారు. అట్టివి మన దేశంలోనూ ఏర్పడాలని నెహ్రూతోను, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోను చర్చించారు.

1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. మరి మూడేళ్లకు, 1984లో, పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టాన్ని ఆమోదించింది. మహిళా సంఘాల కృషి కూడ ఇందుకు తోడ్పడింది. ఈ చట్టం ప్రకారం న్యాయస్థానం మొదట రాజీకి ప్రయత్నించాలి. అందుకు సలహాదారులు సహకరిస్తారు. కక్షిదారు తన గోడును తానే విన్నవించుకోవచ్చు. న్యాయవాదిని నియమించుకొనడం ఇక్కడ హక్కుగా లభించదు. చట్టపరమైన చిక్కులు ఎదురైనప్పుడు న్యాయస్థానమే ఒక న్యాయనిపుణుని సహాయం తీసుకోవచ్చు. బిడ్డ ఎవరి వద్ద పెరగాలన్న ప్రశ్నకు తల్లిదండ్రుల పంతం కంటె బిడ్డ క్షేమమే గీటురాయి. తెలిసిన వయస్సు గల బిడ్డ అభిప్రాయాన్నీ న్యాయమూర్తి తెలుసుకోవచ్చు. పరిస్థితులు మారినచో బిడ్డ మేలు కోరి ఉత్తర్వునూ మార్చవచ్చు.

వానలు కురవని ఏడు ఆదోని ప్రాంతపు పేదలు పిల్లాపాపలతో గుంటూరు సీమకు మిరప కోతలకు వలసపోతారు. కర్నూలు, కడప జిల్లాల మెట్ట పల్లెలలో అట్టి కుటుంబాలకు కొదవలేదు. కూలి డబ్బు తప్ప మరో ఆధారం లేని తల్లి, బిడ్డ కోసం న్యాయస్థానం మెట్లెక్కినప్పుడు తన మాటలలో తన బాధ చెప్పుకొనగలగడం ఎంతో ఊరట. అయితే వెరపు, నిరక్షరాస్యత అడ్డుపడితే ఆ అవకాశం వ్యర్థమవుతుంది. అందుకే 1987 నాటి చట్టం స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయాన్ని హక్కుగా కల్పించింది.

ఇష్టం అడగని పెండ్లికి తలవంచిన బాలిక, చెరసాలలో మాటరాని స్త్రీలకు సాక్షిగా నిలిచిన యువతి, పెద్దదై వారందరి మాట వినే న్యాయస్థానాన్ని కోరుకున్నది. చట్టం తెలిసినవారు తెలియనివారికి చేయూతనిచ్చినప్పుడే దుర్గాబాయి ఆశయం సంపూర్ణంగా నెరవేరుతుంది.