గాలిలో ఐదు గంటలు

విమానం ఎవరు కనిపెట్టారంటే రైట్ సోదరులని మూడో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. ఆ రైట్ సోదరులకు ఈ పిచ్చి ఎక్కించిన మనిషి ఎవరని అడిగితే మాత్రం మన క్లాసుల్లో ఒక్క చేయి కూడా లేవదు. ఆయన పేరు ఒట్టో లిలియెంటాల్. జర్మనీలో మెకానికల్ ఇంజినీరు, బాయిలర్ల ఫ్యాక్టరీ ఓనరు. మన సాహితీ క్లబ్ వాళ్లకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది, నాటకం కూడా రాశాడు. ఆయన బతికింది 48 ఏళ్లు. అందులో గాలిలో ఉన్నది మొత్తం కలిపితే ఐదు గంటల చిల్లర. ఆ ఐదు గంటల గురించే ఈ వ్యాసం.

ఒట్టో 1848 మే 23న ఆంక్లామ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది ప్రష్యా రాజ్యం కింద ఉండేది. తమ్ముడు గుస్తావ్ తర్వాతి ఏడాది పుట్టాడు. ఇంట్లో మొత్తం ఎనిమిది మంది పుడితే మిగిలింది ముగ్గురే, ఈ ఇద్దరు, ఒక చెల్లెలు. నాన్న బట్టల వ్యాపారి, ఒట్టోకి 13 ఏళ్లప్పుడు చనిపోయాడు. సంగీతం నేర్చుకున్న తల్లి ముగ్గురినీ పెంచి చదివించింది.

ఊరి చుట్టూ పచ్చిక మైదానాలు, వాటిలో స్టార్క్ అనే పెద్ద కొంగలు. మా ఎల్లారెడ్డి వైపు వాళ్లకు ఈ సీన్ కొత్తగా చెప్పక్కర్లేదు. పోచారం ప్రాజెక్టు కింద మడుల్లో నాట్లప్పుడు కొంగలు ఎట్లా దిగుతాయో, మనిషి దగ్గరికి పోగానే ఎట్లా లేస్తాయో చూడని పిల్లలుండరు. మనం చూసి వదిలేస్తాం. ఆ అన్నదమ్ములు వదల్లేదు. కొంగ ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేస్తుందని పట్టేశారు. మనిషి ఆ దిక్కున నిలబడి ఉన్నా సరే, అది ముందు మనిషి వైపే వచ్చి, లేచి, ఆ తర్వాతే తిరుగుతుంది. ఎందుకట్లా? గాలికి ఎదురుపోతే రెక్క మీద గాలి వేగం ఊరికే కలిసొస్తుంది. ఇప్పుడు ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే దిక్కు నిర్ణయించేది కూడా ఇదే లెక్క. స్కూలు వయసులోనే చెక్క పలకలతో రెక్కలు కట్టుకొని దిబ్బ మీంచి ఉరికారు. తోటి పిల్లలు నవ్వుతారని ఆ పని రాత్రి పూట చేసేవాళ్లు. ఎగరలేదు, అది వేరే సంగతి.

తర్వాత పాట్స్‌డామ్‌లో టెక్నికల్ స్కూలు, బెర్లిన్‌లో ఒక మెషిన్ ఫ్యాక్టరీలో పని, అక్కణ్ణుంచి బెర్లిన్ రాయల్ ట్రేడ్ అకాడమీ. అక్కడ ఆయనకు పాఠం చెప్పిన ప్రొఫెసర్లలో ఫ్రాంజ్ రూలో ఒకడు. మెకానికల్ వాళ్లకు ఈ పేరు గుర్తుకొచ్చే ఉంటుంది. కైనమాటిక్స్ పేపర్లో మనల్ని ఏడిపించే కైనమాటిక్ పెయిర్ల మూల పురుషుడు ఆయనే. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తే ఒట్టో సైన్యంలో చేరాడు, యుద్ధం అయ్యాక మళ్లీ రెక్కల దగ్గరికే వచ్చాడు.

ఇక్కడి నుంచి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఆ కాలంలో ఎగరాలని చూసినవాళ్లు చాలామంది. ఎక్కువమంది ముందు మెషిన్ కట్టి, తర్వాత ఎగిరి, చివరికి కాళ్లు విరగ్గొట్టుకున్నారు. లిలియెంటాల్ దాదాపు ఇరవై ఏళ్లు కొలతలతోనే గడిపాడు. రంగులరాట్నం లాంటి ఒక యంత్రం చేసి, దాని చేతి చివర రకరకాల రెక్క ముక్కలు కట్టి గిరగిర తిప్పాడు. ఏ కోణంలో గాలి ఎంత పైకి నెడుతుంది, ఎంత వెనక్కి లాగుతుంది అని కొలిచి రాసుకున్నాడు. బల్లపరుపు రెక్క కంటే పక్షి రెక్కలా కొంచెం వంపు ఉన్న రెక్క చాలా మెరుగని అంకెలతో చూపించాడు. లిఫ్టునీ డ్రాగ్‌నీ ఒకే గ్రాఫ్‌లో, కోణాల వారీగా గీశాడు. ఏరోడైనమిక్స్ ల్యాబ్‌లో మనం వేసే పోలార్ డయాగ్రం అదే. ఇదంతా 1889లో పుస్తకంగా వేశాడు, పక్షులు ఎగిరే తీరే మనిషి ఎగరడానికి పునాది అన్నది దాని పేరుకు అర్థం. ఆయన ఉండగా పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు.

డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, బాయిలర్ల నుంచి. అంతకు ముందు అన్నదమ్ములు పిల్లలు ఆడుకునే రాతి దిమ్మలు కనిపెట్టి, వ్యాపారం చేతకాక రిక్టర్ అనే ఆయనకు అమ్మేశారు. ఆ దిమ్మలతో రిక్టర్ కోట్లు సంపాదించాడు. ఒట్టో మాత్రం 1880ల మొదట్లో బెర్లిన్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పటి ఆవిరి బాయిలర్లు పేలడం, మనుషులు పోవడం మామూలు విషయం. ఆయన చేసింది సన్న గొట్టాలను పాములా చుట్టిన బాయిలర్. లోపల నీళ్లు తక్కువ ఉంటాయి కాబట్టి పేలే ప్రమాదం తక్కువ. అందుకే చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్లు కొనుక్కున్నారు. ఇది గుర్తు పెట్టుకోండి. గాల్లోకి దూకిన ఈ మనిషి భోజనం సంపాదించింది జనాన్ని ప్రమాదం నుంచి తప్పించే వస్తువు అమ్మి.

ఫ్యాక్టరీ లాభాల్లో 25 శాతం పనివాళ్లకు పంచాలని 1890లో నిర్ణయించాడు. పేదవాళ్లు కూడా చూడగలిగేలా చవక టికెట్ల థియేటర్ ఒకటి నడపడంలో చేయి వేశాడు. దాని కోసమే నాటకం రాశాడు, వేషం కూడా కట్టాడు. పెళ్లాం పేరు ఆగ్నెస్, నలుగురు పిల్లలు. ఈ పేరు మళ్లీ వస్తుంది.

ఎగరడం ఆయన ఇంటి తోటలో మొదలైంది. ఒక మీటరు ఎత్తు పలక మీంచి రెక్కలతో దూకాడు. అది అలవాటయ్యాక రెండు మీటర్లు. 1891లో పాట్స్‌డామ్ దగ్గర డెర్విట్జ్ అనే ఊరి దిబ్బ మీంచి దూకి 25 మీటర్ల దాకా పోయాడు. 1893లో రినో గుట్టలకు వెళ్లాడు, అక్కడ 250 మీటర్ల దాకా తేలాడు. మాటిమాటికీ అంత దూరం పోలేక 1894లో బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డ్‌లో సొంతంగా ఒక గుట్ట పోయించాడు, 15 మీటర్ల ఎత్తు. బోర్లించిన గంపలా నున్నగా, గుండ్రంగా ఉండేది. గాలి ఎటునుంచి వీచినా దానికి ఎదురుగా దూకొచ్చని ఆ ఆకారం. పైన గ్లైడర్ పెట్టుకునే గది.

గ్లైడర్ అంటే ఇప్పటి కాక్‌పిట్, సీటు బెల్టు ఊహించుకోకండి. విల్లో కర్రల చట్రం, దాని మీద నూలు బట్ట. బరువు 20 కిలోలు, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 6.7 మీటర్లు. మధ్యలో ఒక ఖాళీ. అందులోకి దూరి, మోచేతులు మెత్తల్లో పెట్టి, రెండు చేతుల బలంతో వేలాడాలి. నడుము నుంచి కింద మొత్తం గాల్లో ఊగుతుంది. స్టీరింగ్ లేదు. కుడికి పోవాలంటే కాళ్లు కుడికి విసరాలి, ముక్కు దించాలంటే ఒళ్లు ముందుకు తోయాలి. అంటే కంట్రోల్ మొత్తం పైలట్ సెంటర్ ఆఫ్ గ్రావిటీ మీదే ఆధారం. చేతులు ఇరుక్కొని ఉన్నాయి కాబట్టి ఆ జరుపుడు కూడా కొంచెమే సాధ్యం. ఆయన బలహీనత ఏంటో ఇక్కడే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు.

ఈ గ్లైడర్‌ని ఆయన అమ్మాడు కూడా. మోడల్ ఒకటే, ధర 500 మార్కులు. కొన్నవాళ్లలో రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ, అమెరికా పత్రికల అధిపతి హర్స్ట్ ఉన్నారు. లెక్క ప్రకారం వరుసగా తయారుచేసి అమ్మిన మొదటి ఎగిరే యంత్రం అది.

1894లో ఒకసారి గాల్లో ఉండగా ఆయన చేయి ఆనించుకున్న భాగం విరిగింది. ఒళ్లు వెనక్కి జారింది. బరువు వెనక్కి పోగానే ముక్కు పైకి లేచింది, వేగం చచ్చిపోయింది, గ్లైడర్ తలకిందులుగా నేల వైపు దూసుకొచ్చింది. కానీ ఆ సారి ముందు భాగంలో కొత్తగా ఒక వస్తువు బిగించుకొని ఉన్నాడు. విల్లో కర్రను విల్లులా వంచి చేసిన కమ్మీ. నేలకు మనిషి కంటే ముందు అది తగలాలి, వంగాలి, విరగాలి. ఆ విరుగుడులో దెబ్బ శక్తి ఖర్చైపోవాలి. సరిగ్గా అట్లాగే జరిగింది. కమ్మీ ముక్కలై మట్టిలో దిగబడింది, ఆయన తలకు గాయం, చేయి బెణుకుతో బయటపడ్డాడు. ఇప్పటి కార్ల ముందు భాగంలో క్రంపుల్ జోన్ అని మనం పరీక్షల్లో రాసేది ఇదే సూత్రం. ఎగిరే యంత్రానికి పైలట్ ప్రాణం కోసం విడిగా తగిలించిన పరికరాల్లో ఇంత పాతది నాకు ఇంకోటి కనబడలేదు.

కాస్త పక్కకు పోతాను. ఇప్పటి గ్లైడర్ పైలట్లకు నేల కంటే పక్క గ్లైడర్‌తో భయం ఎక్కువ. ఎండాకాలం మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఆకాశం చూస్తే గద్దలు నాలుగైదు ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ, రెక్క ఆడించకుండానే పైకి పోతుంటాయి. కింద నేల వేడెక్కి లేచే గాలి వాటిని మోస్తుంది. గ్లైడర్లు కూడా అదే వేడి గాలి స్తంభం వెతుక్కొని గుంపుగా చేరతాయి. గద్దకు మెడ తిరుగుతుంది. పైలట్‌కి కిందా వెనకా కనబడదు. అందుకే 2004లో స్విట్జర్లాండ్‌లో ఫ్లార్మ్ అనే చిన్న పెట్టె వచ్చింది. అది జీపీఎస్‌తో తానెక్కడుందో, రాబోయే కొన్ని సెకన్లలో ఎటు పోతుందో లెక్కగట్టి రేడియోలో చెప్తుంది, చుట్టుపక్కల పెట్టెలు చెప్పేది వింటుంది. రెండు దారులు కలిసేలా ఉంటే లైటూ మోతా. చేతిలో తీసుకెళ్లి ఏ గ్లైడర్‌లోనైనా పెట్టుకునే రకం కూడా ఉంది.

తమాషా ఏంటంటే, దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే సగం ఇంజినీరింగు. పానెల్ పైన పెడితే జీపీఎస్‌కి ఆకాశం కనబడుతుంది, కానీ పైలట్ చూపుకు అడ్డం రాకూడదు. దిక్సూచి పక్కన పెడితే సూది పక్కకు తిరుగుతుంది. కార్బన్ ఫైబర్ బాడీ రేడియోను మింగేస్తుంది కాబట్టి యాంటెనా చాటున ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కుదుపుకు ఊడకూడదు. ఊడితే కాపాడాల్సిన పెట్టే రాయిలా ఎగిరి మొహానికి తగులుతుంది. రెండు వైపులా అతికే టేపుతో పని కానిచ్చేవాళ్లు మన ప్రాజెక్టుల్లోనూ తక్కువ లేరు, ఆ సంగతి వదిలేద్దాం. లిలియెంటాల్ కమ్మీది కూడా ఇదే చిక్కు. ముందుకు ఎక్కువ పొడిస్తే బరువు ముందుకు పోతుంది. తక్కువ పెడితే మనిషే ముందు తగులుతాడు.

1896 ఆగస్టు 9, ఆదివారం. రినో గుట్టల్లోనే ష్టోల్న్ ఊరి పక్క గొలెన్‌బర్గ్ గుట్ట. తోడు ఆయన మెకానిక్ పాల్ బైలిష్. మంచి ఎండ. మొదటి ఎగుర్లు బాగానే పోయాయి. తర్వాతి దాంట్లో ఎండకు లేచిన గాలి ఒకటి గ్లైడర్‌ని ఎత్తి ముక్కు పైకి లేపింది, గాల్లోనే నిలబెట్టినంత పని చేసింది. ఆయన కాళ్లూ ఒళ్లూ ముందుకు విసిరాడు. ముక్కు దిగలేదు, రెక్క స్టాల్ అయింది. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. ఆ రోజు గ్లైడర్‌కి ఆ విల్లో కమ్మీ లేదని రాసినవాళ్లున్నారు. గద్దలను మోసే గాలే ఆయన్ను పడేసింది.

మెడ ఎముక విరిగింది. బండి మీద ఊళ్లో సత్రానికి, మర్నాడు రైల్లో బెర్లిన్‌కు తీసుకెళ్లారు. ఆగస్టు 10న ఆసుపత్రిలో ప్రాణం పోయింది. చివరి మాటలంటూ సమాధి మీద ఒక గొప్ప వాక్యం చెక్కారు. అది ఆయన ఆ రోజు అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. మెడ విరిగినవాడి నోట డైలాగ్ పెట్టే అలవాటు మన సినిమాలకే ఉందనుకోకండి.

ఆయన ఎగిరింది రెండు వేల సార్లకు పైనే. మొత్తం ఐదు గంటలంటే సగటున ఒక్కో ఎగురుకు తొమ్మిది సెకన్లు. కంట్రోల్ నేర్చుకోవడానికి దొరికిన టైం అంతే. ఈ చావు వార్త చదివే అమెరికాలో సైకిళ్లు బాగుచేసుకునే విల్బర్ రైట్ ఈ సబ్జెక్టు మీద పడ్డాడు. ఒళ్లు ఊపి బ్యాలెన్స్ చేస్తే చాలదని, రెక్కనే మెలితిప్పాలని అన్నదమ్ములు తేల్చారు. మొదట్లో లిలియెంటాల్ పట్టికలతో గ్లైడర్ కడితే లెక్కకు తగ్గ లిఫ్టు రాలేదు. పట్టికలే తప్పని అనుమానపడి 1901లో సొంతంగా విండ్ టన్నెల్ కట్టి కొలిచారు. తీరా చూస్తే లెక్క పాడుచేసింది అంతకు వందేళ్ల ముందు నుంచి అందరూ వాడుతున్న గాలి పీడనం స్థిరాంకం. లిలియెంటాల్ కొలతలు ఆయన రెక్కకు చాలావరకు సరైనవే. 2016లో జర్మనీ ఏరోస్పేస్ కేంద్రం వాళ్లు ఆయన గ్లైడర్‌కి నకలు చేసి పెద్ద విండ్ టన్నెల్‌లో పెట్టారు. అది స్థిరంగా ఎగరగల యంత్రమే అని తేలింది.

ష్టోల్న్ గుట్ట కింద ఇప్పటికీ గ్లైడర్ల మైదానం ఉంది. 1989 అక్టోబర్‌లో తూర్పు జర్మనీ ఎయిర్‌లైన్స్ తన పాత ఇల్యూషిన్-62 ప్యాసింజర్ జెట్‌ని ఒకదాన్ని అక్కడ దింపింది. నాలుగు ఇంజిన్ల విమానం, గడ్డి రన్‌వే, పొడవు కిలోమీటరు కూడా లేదు. మళ్లీ లేచే మాటే లేదు కాబట్టి అక్కడే ఉండిపోయింది. దానికి ఒట్టో భార్య పేరు పెట్టారు, లేడీ ఆగ్నెస్ అని. లోపల మ్యూజియం ఉంది, కావాలనుకున్నవాళ్లు దాంట్లో పెళ్లి కూడా రిజిస్టర్ చేయించుకోవచ్చు.